ఎంజీబీని తిరిగి రోడ్డెక్కించాలంటే: ఏ మాన్యువల్ కొనాలి, ఏ విడిభాగం ఎక్కడ తెచ్చుకోవాలి

నా పనిబల్ల మీద రెండు రోటార్లు పక్కపక్కన ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే, బొటనవేలంత ముక్కలు. ఒకటి నల్లది, దాని ఇత్తడి పట్టీని ఒక రివెట్టు పట్టి ఉంచుతుంది. రెండోది ఎర్రది, దానికి రివెట్టే లేదు. పైకి కనిపించే తేడా ఇంతే. నల్లది వేసుకుని బయలుదేరిన నా కారు ఇంటికి ఇరవై మైళ్ల దూరంలో, జోరువానలో ఆగిపోయింది. రివెట్టు కొస లోపలికి మరీ దిగి ఉండటంతో ప్లగ్గులకు వెళ్లాల్సిన కరెంటు రోటార్‌ను చీల్చుకుని నేరుగా ఇరుసులోకి దిగిపోయింది. ఆ రెండింటి ధరల మధ్య తేడా ఒక పూట టిఫిన్ ఖర్చు.

పాత స్పోర్ట్స్ కారును బాగుచేసుకునేవారి కష్టాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. సామాను దొరక్కపోవడం కంటే, దొరికినవాటిలో ఏది నమ్మాలో తెలియకపోవడమే పెద్ద చిక్కు. నాకు బాగా తెలిసిన కారు ఎంజీబీ కాబట్టి దాన్నే తీసుకుని ఈ ఎంపికల గురించి రాస్తున్నాను. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు తయారైంది. కప్పు తీసేసుకునే రోడ్‌స్టర్, 1965లో వచ్చిన గట్టి కప్పు జీటీ కలిపి ఐదు లక్షలకు పైగా బయటికొచ్చాయి. అందుకే దాదాపు ప్రతి భాగమూ ఈనాటికీ కొత్తగా దొరుకుతుంది. అదే నీళ్ల పంపు నాలుగు చోట్ల నాలుగు ధరలకు దొరుకుతుంది. మాన్యువళ్లూ అంతే.

తెలుగు పాఠకులకు ఈ ఇంజిన్ పరాయిదేమీ కాదు. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబానివి. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండింటికీ 88.9 మిల్లీమీటర్లే, సిలిండర్ వ్యాసమే 73 నుంచి 80.26 మిల్లీమీటర్లకు పెరిగింది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ హెడ్డు విప్పి బిగించిన మేస్త్రీ ఎంజీబీ బానెట్ ఎత్తితే, రాకర్ షాఫ్టునూ పుష్ రాడ్లనూ చూడగానే గుర్తుపడతాడు. అలాగని అంబాసిడర్ పిస్టన్ ఇందులో పట్టదు. పనితనం పనికొస్తుంది, పార్టు పనికిరాదు.

ముందుగా మీ కారు ఏదో తేల్చుకోండి

"1971 మోడల్" అనే మాట రిజిస్ట్రేషన్ కాగితానికి చాలు, విడిభాగాల కొనుగోలుకు చాలదు. ఆబింగ్డన్‌లో మార్పులు ఏడాది మారగానే వచ్చేవి కావు. ఫలానా నంబరు కారు నుంచి ఫలానా భాగం మారింది అన్నట్టుగా నడిచేది. కాబట్టి రూపాయి ఖర్చు పెట్టేముందు రెండు నంబర్లు రాసుకోవాలి.

మొదటిది కారు నంబరు, ఇంజిన్ గదిలోని రేకు పలక మీద ఉంటుంది. జీహెచ్ఎన్ అంటే రోడ్‌స్టర్, జీహెచ్‌డీ అంటే జీటీ. ఆ అక్షరాల పక్కనున్న 3, 4, 5 అంకె తరాన్ని చెబుతుంది. రెండోది ఇంజిన్ నంబరు, బ్లాకు కుడివైపు బిగించిన చిన్న పలక మీద ఉంటుంది. 18జీ, 18జీఏ అయితే మూడు మెయిన్ బేరింగుల తొలి ఇంజిన్. 18జీబీ నుంచి ఐదు బేరింగులు. 1970ల కార్లలో ఎక్కువగా 18వీ కనిపిస్తుంది. 48జీ అని ఉంటే అది ఫ్యాక్టరీయే రీకండిషన్ చేసి ఇచ్చిన మార్పిడి ఇంజిన్.

రెండు పెద్ద సరిహద్దులు గుర్తుంచుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. 1967 చివర్లో డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. అంతవరకు బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు, ఆ తర్వాత నెగటివ్‌ను కలిపారు. మొదటి గేరుకు సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేని పాత గేర్‌బాక్స్ కూడా అప్పుడే మారింది. పాజిటివ్ ఎర్త్ ఉన్న కారుకు తెలియక నెగటివ్ ఎర్త్ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగిస్తే అది క్షణంలో మాడిపోతుంది. రెండో సరిహద్దు 1974. క్రోమ్ బంపర్లు పోయి నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి, కారు ఎత్తు ఒకటిన్నర అంగుళం పెరిగింది, రెండు 6 వోల్టుల బ్యాటరీల స్థానంలో ఒకే 12 వోల్టుల బ్యాటరీ చేరింది.

ఈ నంబర్లు చూసుకున్నా, యాభై ఏళ్లలో పాత యజమానులు ఏం మార్చారో కళ్లతో చూసి తీరాలి. నాది 1971 జీటీ. ఏడాది చూసి 25డి4 డిస్ట్రిబ్యూటర్‌కు మూత తెప్పించాను. తీరా చూస్తే ఎవరో ఎప్పుడో ఆ తర్వాతి కాలపు 45డి4 బిగించారు. మూత కూర్చోలేదు. పక్కన చెక్కిన నంబరు గ్రీజు కింద దాగి ఉంది. గుడ్డతో తుడిచి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

కారు పుట్టుక తెలుసుకోవాలంటే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ధ్రువపత్రం ఇస్తుంది. తయారైన తేదీ, అసలు రంగు, అప్పటి ఇంజిన్ నంబరు, ఏ దేశానికి పంపారన్నది అందులో ఉంటాయి. కారు అమ్మేటప్పుడు విలువ పెంచే కాగితంగానే చాలామంది దాన్ని చూస్తారు. నేను మాత్రం పని మొదలుపెట్టేముందే తెప్పించుకోమంటాను. ఇంజిన్ నంబరు కలవలేదంటే విడిభాగాల చిట్టా మొత్తం మారిపోతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ధర చివరన చూడాల్సింది. అంతకుముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఈ భాగం విఫలమైతే ఏమవుతుంది? బ్రేకు సిలిండర్ పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆయిల్ పంపు పోతే ఇంజిన్ పోతుంది. గడియారం ఆగితే ఏమీ కాదు.

దాన్ని మళ్లీ విప్పాలంటే ఎంత పని? నా దృష్టిలో ధర కంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎంజీబీలో క్లచ్ మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాలి. క్లచ్‌ను నెట్టే రిలీజ్ బేరింగు కార్బన్ ముక్క. చవకరకం తొందరగా అరిగిపోతుంది. దాని మీద మిగిల్చుకున్న డబ్బుకు బదులు రెండు ఆదివారాలు, ఒక అద్దె క్రేన్, నడుం నొప్పి కట్టాల్సి వస్తుంది.

సరిపోకపోతే వెనక్కి పంపగలనా? కారు వెనకగదిలో విప్పి ఉంటే కొన్న పార్టును ఆరు నెలల తర్వాత గానీ బిగించం, ఈలోగా గడువు దాటిపోతుంది. ఇక చివరిది, పైకి కనిపించేదా, లోపల ఉండేదా. ఇది మీ అభిరుచిని బట్టి ఉంటుంది.

మాన్యువళ్లు

*ఫ్యాక్టరీ వర్క్‌షాప్ మాన్యువల్.* బీఎంసీ ప్రచురణ సంఖ్య ఏకేడీ 3259. బిగింపు బలాలు, బేరింగుల సందులు, అరుగుదల హద్దులు, వీటికి ఇదే మూలం. అయితే ఇది డీలర్ షెడ్డులో శిక్షణ పొందిన మెకానిక్ కోసం రాసింది. "18జీ ఫలానా పనిముట్టుతో లాగండి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: బీఎంసీ ప్రత్యేక పనిముట్ల సంఖ్యలు కూడా 18జీతోనే మొదలవుతాయి. ఇంజిన్ 18జీకి, వాటికి సంబంధం లేదు. కొత్తవాళ్లు ఇక్కడ తరచూ తికమకపడతారు. తుప్పు గురించి ఈ పుస్తకం దాదాపు మౌనంగా ఉంటుంది. రాసిన రోజుల్లో కార్లన్నీ కొత్తవే మరి.

బ్రూక్‌లాండ్స్ బుక్స్ ఈ ఫ్యాక్టరీ పుస్తకాలను తిరిగి అచ్చువేస్తోంది. అమెరికాలో బెంట్లీ పబ్లిషర్స్ వేసిన లావుపాటి సంపుటంలో వర్క్‌షాప్ మాన్యువల్, యజమాని కరదీపిక, ట్యూనింగ్ పుస్తకం ఒకేచోట ఉంటాయి. కానీ అది 1962–1974 కార్లకే. రబ్బరు బంపర్ల కారు ఉన్నవారు పేరు చూసి తొందరపడి కొనవద్దు.

*హేన్స్.* నిజమైన కారును విప్పి, బిగించి, మెట్టు మెట్టుకూ ఫొటో తీసి పుస్తకంగా వేయడం హేన్స్ పద్ధతి. ఎంజీబీ పుస్తకం 1962 నుంచి 1980 వరకు అన్ని కార్లకూ వర్తిస్తుంది. ఇంట్లో ఉండే పానాలతో ఏ పని ఎలా చేయాలో ఇదే బాగా చెబుతుంది. ఏ బోల్టును ముందు విప్పితే చేయి దూరుతుందో ఫ్యాక్టరీ పుస్తకం చెప్పదు, ఇది చెబుతుంది. లోపం ఏమిటంటే పద్దెనిమిదేళ్ల తేడాలను ఒకే పుస్తకంలో కుదించడంతో మీ కారుకు వర్తించే వాక్యం ఏదో వెతుక్కోవాలి. "విప్పినదానికి తలకిందులుగా బిగించండి" అని ముగించే చోట్ల కొత్తవారికి చెమటలు పడతాయి.

*విడిభాగాల జాబితా.* అందరూ చివర కొనేది, నేను అన్నిటికన్నా ముందు కొనమనేది ఇదే. పేరు చూసి ఇది దుకాణదారుల పుస్తకం అనుకుంటారు. ఒక్కసారి వెనక ఇరుసు పేజీ తెరిచి చూడండి. ప్రతి వాషరూ, ప్రతి సర్‌క్లిప్పూ తన వరుసలో, గాలిలో వేలాడదీసినట్టు గీసి ఉంటుంది. పక్కనే పార్టు నంబరు, ఎన్ని కావాలో, ఏ కారు నంబరు నుంచి ఏ కారు నంబరు వరకు వాడారో ఉంటుంది. ముందటి యజమాని పెట్టెలో పడేసిన నట్టుబోల్టులు ఎక్కడివో తేల్చుకోవడానికి ఇంతకంటే దారి లేదు. నేను బ్రేకు పెడల్ పెట్టెను ఎనిమిది నెలల తర్వాత మళ్లీ కూర్చింది ఈ బొమ్మను గోడకు అతికించుకునే. ఎందుకంటే నేను తీసిన ఫొటోల్లో ఒక స్పేసర్ నీడలో పడి కనిపించలేదు.

పార్టు నంబరు చేతిలో ఉంటే దుకాణదారుతో మాట తీరే మారిపోతుంది. ఏహెచ్‌హెచ్, బీహెచ్‌హెచ్, 12హెచ్ లాంటివి బీఎంసీ నాటి నంబర్లు. జీతో మొదలయ్యే మూడక్షరాలు తర్వాతి కాలానివి. జీడబ్ల్యూపీ అంటే నీళ్ల పంపు. "1971 ఎంజీబీ నీళ్ల పంపు కావాలి" అనడానికీ, నంబరు చెప్పి "ఇది మీ దగ్గర ఎవరు తయారుచేసింది?" అని అడగడానికీ ఎంతో తేడా ఉంది.

పెద్ద విక్రేతలు ఉచితంగా ఇచ్చే క్యాటలాగుల్లోనూ ఇలాంటి బొమ్మలుంటాయి. రోజువారీ ఆర్డర్లకు అవి చక్కగా సరిపోతాయి. కానీ వాళ్లు అమ్మని భాగాలు వాటిలో ఉండవు, కొన్నిచోట్ల రెండు రకాలను కలిపి ఒకే నంబరు కింద ఇస్తారు. అసలు జాబితాకు అవి తోడు మాత్రమే.

*స్కాన్ ప్రతులు, వీడియోలు.* స్కాన్ ప్రతి గరాజులో మసి పట్టించుకోవడానికి మంచిది. నమ్మేముందు ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ ఉందో లేదో, మధ్యలో పేజీలు ఎగిరిపోయాయో చూడండి. మసకగా ఉన్న 3ను 8గా చదివితే బోల్టు తెగుతుంది. వైరింగ్ బొమ్మలు ముఖ్యంగా దెబ్బతింటాయి. అందుకే బ్రిటిష్ వైర్ల రంగులు నోటికి వచ్చేలా చేసుకోవాలి: గోధుమరంగు నేరుగా బ్యాటరీ నుంచి, తెలుపు తాళం తిప్పాక వచ్చేది, ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక, ఊదా ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజు తీగ, నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పార్కింగ్ దీపాలకు, నలుపు ఎర్త్. వీడియోల నుంచి చేతి కదలిక, శబ్దం నేర్చుకోవచ్చు. అంకెలు మాత్రం పుస్తకం నుంచే తీసుకోవాలి.

| ఏది | దేనికి గట్టిది | ఎక్కడ చాలదు | ఎవరికి |
|---|---|---|---|
| ఫ్యాక్టరీ మాన్యువల్ | కొలతలు, బిగింపు బలాలు | తుప్పు, ఇంటి పనిముట్లు | ఇంజిన్, గేర్‌బాక్స్ విప్పేవారికి |
| బెంట్లీ సంపుటం | మూడు పుస్తకాలు ఒకేచోట | 1974 తర్వాతి కార్లు | క్రోమ్ బంపర్ల యజమానికి |
| హేన్స్ | పని వరుస, ఫొటోలు | ఏడాది ఏడాదికీ తేడాలు | తొలిసారి పానా పట్టేవారికి |
| విడిభాగాల జాబితా | నంబర్లు, కూర్పు వరుస | ఎలా చేయాలో చెప్పదు | అందరికీ |

రెండే కొనగలిగితే హేన్స్, విడిభాగాల జాబితా కొనండి. ఇంజిన్ అడుగుభాగం విప్పే రోజుకు మూడోదిగా ఫ్యాక్టరీ మాన్యువల్ చేరాలి. బాడీ రేకుల పని మీరే చేయబోతుంటే ఈ మూడూ చాలవు; ఎంజీబీ బాడీ పునరుద్ధరణ మీదే రాసిన ప్రత్యేక పుస్తకం ఒకటి చూసుకోవాలి.

విడిభాగాలు: ఎక్కడి నుంచి?

అన్నిటికంటే మంచి దుకాణం మీ కారే. మార్చడం కంటే బాగుచేయడం మేలైన భాగాలు చాలా ఉన్నాయి. స్మిత్స్ మీటర్లు, లూకస్ వైపర్ మోటారు, తలుపు పిడులు, ఎస్‌యూ కార్బురేటర్ బాడీలు ఇందులోకి వస్తాయి. పాత పోత, పాత ఇత్తడి తరచూ కొత్త నకళ్లకంటే గట్టివి. విప్పిన ఏ భాగాన్నీ కొత్తది బిగించి, నడిపి చూసేదాకా పారేయవద్దు.

ఆ తర్వాత ప్రత్యేక విక్రేతలు. 1948లో కాలిఫోర్నియాలో మొదలైన మాస్, ఇంగ్లండ్‌లో బ్రౌన్ అండ్ గామన్స్, రిమ్మర్ బ్రదర్స్, ఎంజీ ఓనర్స్ క్లబ్ విడిభాగాల విభాగం ఇందులో అందరికీ తెలిసిన పేర్లు. వీళ్లలో ఎవరు గొప్ప అనే చర్చ నాకు అంత ముఖ్యం కాదు. చాలా భాగాలు ఒకే తయారీదారు దగ్గర నుంచి అందరికీ వస్తాయి. తేడా మరోచోట ఉంటుంది: తయారీదారు పేరు చెబుతారా, ఒకే భాగంలో రెండు నాణ్యతలు పెడతారా, పాడైనది వెనక్కి తీసుకుంటారా. ఫోను చేసి అడగండి. తడుముకోకుండా చెప్పేవారి దగ్గర బ్రేకులు కొనండి.

అసలు అచ్చుల మీద, లేదా అసలు పేరు హక్కుతో తయారయ్యేవి వేరే తరగతి. విట్నీలో ఉన్న బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988 నుంచి ఎంజీబీ బాడీషెల్‌ను పూర్తిగా కొత్తగా తయారుచేస్తోంది, విడి రేకులు కూడా ఇస్తోంది. ఎస్‌యూ కార్బురేటర్ల పేరు, తయారీ ఇప్పుడు సాల్స్‌బరీలోని బర్లెన్ చేతిలో ఉన్నాయి. జెట్లు, సూదులు, గ్యాస్కెట్లు అక్కడి నుంచి వచ్చినవైతే నేను రెండోసారి ఆలోచించను.

రేకుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. తలుపుల కింద నడిచే సిల్ పైకి ఒక రేకులా కనిపించినా లోపల నిలువు పొర ఒకటి, అడుగున కోటగోడలా మలచిన పట్టీ ఒకటి, లోపలి సిల్ ఒకటి ఉంటాయి. రోడ్‌స్టర్‌లో కారు మధ్యకు వంగకుండా ఆపేది ఇదే. నేను ఒకవైపు సిల్‌ను ఆన్‌లైన్‌లో పేరు తెలియని విక్రేత దగ్గర సగం ధరకు తెప్పించాను. రేకు పలుచనేమీ కాదు, కానీ ముందు రెక్క కింది అంచు వచ్చి ఆనే చోట వంపు కొన్ని మిల్లీమీటర్లు తేడాగా ఉంది. సిల్‌ను అక్కడ కలిపితే తలుపు సందు కింద వెడల్పయింది, తలుపు సందు సరిచేస్తే రెక్క లేచింది. కోసి, వంచి, మళ్లీ వెల్డింగ్ చేయడానికి పదకొండు సాయంత్రాలు పట్టింది. రెండోవైపు హెరిటేజ్ రేకు తెచ్చాను. బిగింపు పట్టీలతో పట్టి తలుపు మూసి చూస్తే సందు పైనుంచి కింది దాకా ఒక్కలా ఉంది. ఏ రేకు కొన్నా, పాతది కోసేముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప బద్దలు వెల్డ్ చేసి గూడును కదలకుండా ఉంచాలి. సిల్స్, నేల రేకులు, చక్రాల గూళ్లు అన్నీ పోయిన కారు అయితే విడి రేకుల ధర, టింకరింగ్ కూలి కలిపి లెక్క వేయండి. చాలాసార్లు పూర్తి షెల్ చవకగా తేలుతుంది.

వాడకుండా డబ్బాల్లో మిగిలిపోయిన పాత స్టాకు చూస్తే ప్రాణం లేచివస్తుంది. గేర్లు, ఇరుసులు, అద్దాలు, స్విచ్‌లు అయితే కళ్లకద్దుకుని తీసుకోండి. రబ్బరు మాత్రం వద్దు. నలభై ఏళ్లు డబ్బాలో ఉన్న బ్రేకు సీలు, కొత్త కారులో నలభై ఏళ్లు ఉన్న సీలు రెండూ ఒకే వయసువి.

సెకండ్ హ్యాండ్ భాగాలకు హాంప్‌షైర్‌లోని బ్యూలీలో ఏటా సెప్టెంబరులో జరిగే ఆటోజంబుల్ సంత పేరుపొందింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని హెర్షీలో అక్టోబరులో జరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్, జీటీ వెనక తలుపు, గాజు లాంటి బరువైన సామాను చేత్తో పట్టి చూసి కొనాలి. వెళ్లేటప్పుడు జేబులో కొలత స్కేలు, అయస్కాంతం, మీ పాత భాగం ఫొటో ఉండాలి.

ఇక పేరూ ఊరూ లేని ఆన్‌లైన్ సామాను. నంబరు పలక పట్టీలు, కార్పెట్ గుండీలు వంటివాటికి ఇబ్బంది లేదు. రోటార్, కండెన్సర్, పాయింట్లు, బ్రేకు సామాను, పెట్రోలు హోసు అక్కడ కొనవద్దు. నా అనుభవంలో ఈ జాబితాకు మినహాయింపు లేదు.

| భాగం | నా మొదటి ఎంపిక | రెండోది | వద్దు |
|---|---|---|---|
| బ్రేకులు, క్లచ్ హైడ్రాలిక్స్ | తయారీదారు పేరు చెప్పే ప్రత్యేక విక్రేత | పాత కాలిపర్‌ను రీకండిషన్ చేయించడం | పాత స్టాకు రబ్బరు, పేరులేని పెట్టెలు |
| కార్బురేటర్ | ఉన్నదానికే బర్లెన్ కిట్, కొత్త ఇరుసు | మొత్తం కొత్త ఎస్‌యూ | చవక నకలు |
| సిల్స్, రెక్కలు | హెరిటేజ్ రేకు | చూసి ఎంచుకున్న మరో తయారీ | ఫొటో చూసి కొన్న రేకు |
| ఇగ్నిషన్ | రివెట్టు లేని రోటార్, మంచి కండెన్సర్ | వాడిన పాత లూకస్ భాగం | సెట్టుగా అమ్మే చవక కిట్ |
| మీటర్లు, పిడులు | మీ కారువే బాగుచేయించడం | ఆటోజంబుల్ | కొత్త నకలు |

ఈనాటి పెట్రోలు సంగతి కూడా ఎంపికలో చేర్చాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు బంకు పెట్రోలు ఈ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిపినది. భారతదేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. పాత రకం రబ్బరు గొట్టాన్ని ఇథనాల్ లోపలినుంచి తినేస్తుంది. అది చెమర్చేది వేడి ఎగ్జాస్ట్ దగ్గర. హోసు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చదివి కొనండి. సీసం లేని పెట్రోలుకు తగ్గట్టు హెడ్డులో గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించారో లేదో కూడా రీకండిషన్ హెడ్డు కొనేటప్పుడు అడగాలి.

ఎవరు ఎలా ఎంచుకోవాలి

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి పని తేలిక. పార్టు రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుంది. అందుకే ఒకేసారి పెద్ద ఆర్డరు పెట్టవద్దు; విప్పిన మేరకు, చూసిన మేరకు తెప్పించుకోండి. 1930లో పుట్టిన ఎంజీ కార్ క్లబ్‌లో గానీ, 1973లో వచ్చిన ఎంజీ ఓనర్స్ క్లబ్‌లో గానీ చేరండి. ఈ ఏడాది వచ్చిన ఫలానా నీళ్ల పంపుల్లో లీకు ఉందన్న కబురు క్యాటలాగులో రాదు, సభ్యుల నోట వస్తుంది. నలభై ఏళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ (అక్కడి వాహన తనిఖీ) తప్పనిసరి కాకపోయినా, మీ చేత్తో బ్రేకులు బిగించాక ఒక్కసారైనా చేయించండి.

అమెరికాలో ఉన్నవారికి వేరే వరం ఉంది. ఎంజీబీల్లో అధిక భాగం అక్కడికే వెళ్లాయి. అరిజోనా వంటి పొడి రాష్ట్రాల కార్లకు సిల్స్ ఇప్పటికీ గట్టిగా ఉంటాయి. కాబట్టి రేకులు కొనేకంటే మంచి బాడీ ఉన్న రెండో కారు కొని రెండింటినీ ఒకటి చేయడం అక్కడ సాధ్యం. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి కారు ఉంటే పొగ పరీక్ష ఉంది కనుక గాలి పంపు, సంబంధిత గొట్టాలు పీకి పారేయకండి. 1975 నుంచి అక్కడి కార్లకు జంట ఎస్‌యూల స్థానంలో ఒకే జెనిత్-స్ట్రామ్‌బర్గ్ వచ్చింది. బ్రిటన్ పుస్తకం మాత్రమే ఉంటే ఆ పేజీలు చాలవు.

హైదరాబాద్, విశాఖ, చెన్నైలలో ఇలాంటి కారు చేతిలో ఉన్నవారి లెక్క పూర్తిగా తలకిందులు. పార్టు ధర, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద సుంకం పడుతుంది, తప్పు పార్టును వెనక్కి పంపడం దాదాపు కుదరదు. అందుకే మీకు విడిభాగాల జాబితా పుస్తకం అందరికంటే అవసరం. కారు మొత్తం విప్పి, ప్రతి నంబరూ రాసుకుని, ఏడాదికి ఒకటి రెండు పెద్ద ఆర్డర్లుగా తెప్పించుకోండి. గ్యాస్కెట్లు, సీళ్లు రెండేసి సెట్లు వేసుకోండి. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, బుష్‌లు చెక్కడం వంటి పనులు మాత్రం ఇక్కడి లేత్ షాపుల్లోనే చేయించండి. బీ-సిరీస్‌తో ఏళ్ల తరబడి తలపడిన చేతులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లకు కొలతలు నోటితో చెప్పకుండా ఫ్యాక్టరీ మాన్యువల్ పేజీ అచ్చు తీసి ఇవ్వండి. అందులో కొలతలు అంగుళాల్లోనూ మిల్లీమీటర్లలోనూ ఉంటాయి.

పానాల గురించి కూడా వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఎంజీబీ నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం నట్టుకు 13 మిల్లీమీటర్ల పానా పట్టినట్టే పడుతుంది, కానీ అర అంగుళం అంటే 12.7. ఆ చిన్న సందు చాలు, బిగిసిన నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోవడానికి. అంబాసిడర్ రోజులనాటి అంగుళాల పానాల సెట్టు షెడ్డులో ఎక్కడో మూలన ఉండే ఉంటుంది, అది తీయించండి.

2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే ఛాసిస్, బాడీషెల్, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. ఎంజీబీ ఇంజిన్ తీసి మరో కంపెనీ ఇంజిన్ పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఈ నిబంధన గుర్తుచేయండి. కొన్న ప్రతి భాగం రసీదునూ, పార్టు నంబరు రాసి, ఒక ఫైల్లో పెట్టుకోండి. నా ఫైల్లో మొదటి కాగితం గేడన్ ధ్రువపత్రం, రెండోది ఆ నల్ల రోటార్ రసీదు.